ఫ్రాంకోనియా పూటకూళ్ళింటి మూడో గడి

మా ఆయనకు పాత కట్టడాలంటే పిచ్చి. నాకు పాత కట్టడాలంటే నుదుటి మీద బొప్పి. మూడొందల ఏళ్ళ కిందట జర్మనీలో మనుషులంతా పొట్టిగా ఉండేవాళ్ళో, లేక ఇంటికొచ్చినవాడు ఎవడైనా సరే తలొంచుకుని రావాల్సిందే అనుకునేవాళ్ళో తెలియదు గానీ, ఆ కాలపు గుమ్మం ఒక్కటీ నా తలను చూసి జాలిపడలేదు. పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో చూసిన కోటలూ మఠాలూ సత్రాలూ నాకు బొప్పుల వారీగా గుర్తున్నాయి.

అయినా ఈ ప్రయాణం గురించి రాద్దామని కూర్చున్నాను. జర్మనీ వచ్చిన మనవాళ్ళు కొండల ముందు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు తప్ప, పల్లెటూళ్ళో పాత పూటకూళ్ళిల్లు ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే మీరంతా బయల్దేరతారు, అక్కడ ఉన్నవే ఏడు గదులు.

మ్యూనిక్: సోఫా మీంచి లేపడం

మేం ముగ్గురం వెళ్ళాం. నేను, మా ఆయన రఘు, మా అత్తగారు అండాలమ్మ. రఘు చదివింది సివిల్ ఇంజినీరింగు, చేసేది కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాయడం. జీవితంలో ఒక్క ఇటుక పేర్చలేదు గానీ ఇటుకల గురించి రాత్రీ పగలూ చెప్పగలడు. మా అత్తగారు సూర్యాపేట దగ్గర పల్లెటూరి మనిషి. కరోనా మొదలైన ఏడాది చలికాలం చివర్లో మూడు నెలలుండి పోదామని మా ఇంటికొచ్చింది. వెళ్దామనుకున్న ప్రతిసారీ ఒక వేవ్ రావడం, విమానం ఆగడం, వీసా పొడిగించడం. అలా పదిహేను నెలలైంది. పొడిగించిన ప్రతి కాగితం మీదా ఈవిడ ఏ పనీ చేయరాదు అని లావు అక్షరాల్లో కొట్టి పంపేవాళ్ళు.

"మరి కూరగాయలు తరుగుతున్న గదా, పట్టుకపోతరా?" అని అడిగేది ఆవిడ.

మొన్న మే నెలలో, అక్కడ రెండో వేవ్ ఊళ్ళను ఊడ్చేస్తున్నప్పుడు, ఆవిడ చెల్లెలు చంద్రమ్మ పోయింది. చివరి చూపు ఫోన్లో అయింది. అది కూడా ఎవరో దూరం నుంచి పట్టుకున్న ఫోన్. ఆ రోజు నుంచి అత్తయ్య సోఫాలో కూర్చుని బాల్కనీ వైపు చూడటం మొదలుపెట్టింది. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. నాతో పోట్లాడటం కూడా మానేసింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

జూన్‌లో హోటళ్ళు తెరుస్తున్నారని తెలియగానే రఘు మూడు రోజులు సెలవు పెట్టి ఉత్తరాన ఫ్రాంకోనియా ప్రాంతంలో ఒక పాత గాస్ట్‌హౌస్‌లో గదులు తీశాడు. నేను సరస్సు అన్నాను, కొండ అన్నాను. వినలేదు.

"చెల్లెలు పోయిన దుఃఖంలో ఉన్న ఆవిణ్ణి బీరు కొట్టుకు తీసుకెళ్తావా రఘూ?"

"బీరు కొట్టేంటి సుజాతా! అది పూటకూళ్ళిల్లు. మొత్తం ఓక్ దూలాలతో కట్టింది. ఒక్క మేకు లేదు తెలుసా?"

మేకు లేకపోవడం వల్ల దుఃఖం ఎలా తగ్గుతుందో అడగాలనిపించింది. అడిగితే చెబుతాడని ఊరుకున్నాను.

దారిలో: డెబ్బై సెంట్ల గేటు

మంగళవారం పొద్దున్నే ముగ్గురం టెస్టులు చేయించుకున్నాం. నెగటివ్ కాగితం లేకపోతే గది ఇవ్వరు. ముక్కులో పుల్ల పెట్టే అమ్మాయి మా అత్తయ్య ముక్కుపుడక చూసి ఏ వైపు నుంచి వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. "ఇటు పెట్టవే తల్లీ, అటు బంగారముంది" అని అత్తయ్య తెలుగులో దారి చూపించింది. ఆ పిల్లకు అర్థమైంది కూడా. మూడు వారాల్లో ఆవిడ నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అదే.

హైవే మీద ఒకచోట ఆగాం. బాత్రూముకు వెళ్ళాలంటే డెబ్బై సెంట్లు వేస్తే గాని గేటు తిరగదు. అత్తయ్య రూపాయల్లో లెక్కేసి అక్కడే నిలబడిపోయింది.

"అరవై రూపాయలా? దేనికిరా? వాళ్ళేమన్న తోలుకపోయి కూసోబెడ్తరా?"

"లోపల చాలా నీట్‌గా ఉంటుందమ్మా."

"నేను పోయినంక ఉండదు గదా. మల్ల నాకెందుకు నీటు?"

వెనక ఇద్దరు మాస్కుల జర్మన్లు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఓపిగ్గా నిలబడ్డారు. చివరికి రఘు నాణేలు వేసి ఆవిణ్ణి లోపలికి నెట్టినంత పని చేశాడు. మన దగ్గర ఊరికే వెళ్ళొచ్చు గాని లోపల ఊపిరి బిగబట్టాలి, ఇక్కడ డబ్బిచ్చి ఊపిరి పీల్చుకోవచ్చు. కారు దగ్గరే నిలబడి డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. పక్క కారు పిల్లలు శాండ్‌విచ్‌లు చేతిలో పట్టుకుని మా ఆవాల వాసనకు ముక్కులు ఎగరేశారు.

ఊరు: మెడ నొప్పి పుట్టించే ఇల్లు

మూడింటికి ఊరు చేరాం. ఒక చర్చి, ఒక వాగు, ముప్పై నలభై ఇళ్ళు, మధ్యలో ఈ గాస్ట్‌హౌస్. కట్టడం బాగుందని నేను రఘు ముందు ఒప్పుకోలేదు గానీ మీతో ఒప్పుకుంటాను. అడుగున నడుమెత్తు రాతి పునాది. దాని మీద అంతా కర్ర. నిలువు దూలాలు, అడ్డ దూలాలు, వాటి మధ్య ఏటవాలుగా ఆనించిన మోకాలి కర్రలు. కర్రలకు ఎండిన ఎద్దు నెత్తురు రంగు, వాటి మధ్య గడులకు తెల్ల సున్నం. మొదటి అంతస్తు కింది దానికంటే జానెడు ముందుకొస్తుంది, రెండో అంతస్తు ఇంకో జానెడు. వీధిలో నిలబడి పైకి చూస్తే ఇల్లు మన మీదికి వంగి ఎవరింటికొచ్చావని అడుగుతున్నట్టుంటుంది. అలా ముందుకు ఎందుకు తోశారని అడిగితే రఘు మూడు కారణాలు చెప్పాడు, ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగవు.

ఇంటి మధ్యలోంచి బండి పట్టేంత దారి ఉంది. ఒకప్పుడు గుర్రబ్బళ్ళు అలాగే పెరట్లోకి వెళ్ళేవట. ప్రతి కీలు దగ్గరా దూలం మీద ఉలితో కొట్టిన గీతలున్నాయి. ఇంటి చట్రమంతా ముందు నేల మీద పరిచి కోసి, అంకెలు వేసి, విప్పి, మళ్ళీ ఆ అంకెల ప్రకారం నిలబెట్టారని రఘు వివరించాడు. మేకుల బదులు కర్ర చీలలు. అత్తయ్య ఆ గీతల మీద వేలు పెట్టి చూసి, "మా వడ్లాయన గూడ దర్వాజ చెక్కలకు ఇట్లనే గీస్తడు" అని నడిచింది. రఘు ఫోన్లో ఆ గీతలవే నలభై ఫొటోలున్నాయి.

గుమ్మంలోకి అడుగుపెడుతూ నా బొప్పి నేను సంపాదించుకున్నాను. అత్తయ్య నాలుగడుగుల పదంగుళాల మనిషి. ఆ ఇల్లు ఆవిడ కొలతలకే కట్టినట్టు తల తిప్పకుండా లోపలికి నడిచిపోయింది.

ఇంటి యజమానురాలి పేరు ఇర్మ్‌గార్డ్. డెబ్బైకి దగ్గర్లో ఉన్న పొట్టి గట్టి మనిషి. కిటికీలోంచే మా టెస్టు కాగితాలు చదివి, తాళంచెవులు బుట్టలో పెట్టి బయటికి తోసింది. అత్తయ్యకు రెండో అంతస్తులో ఆరో నంబరు గది, మాకు ఏడు. భోజనం మాత్రం పెరట్లోనే, ముందు గది మూసి ఉందని చెప్పింది.

ఆ ముందు గదే మా ఆయన ఇంత దూరం వచ్చింది చూడటానికి. మొహం చిన్నబుచ్చుకున్నాడు. పాపం అనుకుందేమో, మాస్కులు సరిచేసుకోమని చెప్పి తలుపు తీసింది. గోడలకు నడుమెత్తు చెక్క పలకలు, పొగకు నల్లబడిన తక్కువ ఎత్తు కప్పు, మూలన ఆకుపచ్చ పెంకుల పెద్ద పొయ్యి, దాని చుట్టూ కూర్చోవడానికి బల్ల. నేల ఎంత వాలుగా ఉందంటే బల్ల మీద పెట్టిన నా శానిటైజర్ సీసా దానంతటది దొర్లుకుంటూ వెళ్ళి గోడ దగ్గర పడింది. ఆ గోడ వైపు చూస్తే వీధి కనబడింది. దూలాల మధ్య మూడు గడులుంటే రెండింటికి కొత్త మట్టి గోడ ఉంది. మూడోది ఖాళీ. ప్లాస్టిక్ కాగితం కట్టి ఉంది.

మూడో గడి

పెరట్లో భోజనం దగ్గర ఇర్మ్‌గార్డ్ కథ చెప్పింది. రఘు అమ్మకు తెలుగులో చెప్పుకొచ్చాడు. ఆమె భర్త చాలా ఏళ్ళ కిందట ఆ మూడు గడుల్లోనూ సిమెంటు పెట్టించాడు. సిమెంటు తేమను లోపలే పట్టి ఉంచడంతో పక్కన ఓక్ దూలాలు కుళ్ళడం మొదలైంది. పాత కట్టడాల ఆఫీసు వాళ్ళు చూసి, సిమెంటు తీసి మళ్ళీ పూర్వం లాగే కర్ర తడిక అల్లి మట్టి పెడితేనే ఆ గది తెరవాలన్నారు. చూసిపోవడానికి ఆఫీసరు గురువారం పదకొండింటికి వస్తాడు. మట్టి పని మేస్త్రీకి శనివారం పాజిటివ్ వచ్చింది. రెండు గడులు పూర్తయ్యాయి, మూడోది అలాగే ఆగిపోయింది. మేస్త్రీతో తిరిగినందుకు అతని మనుషులు కూడా క్వారంటైన్లో ఉన్నారు.

"ఆఫీసరు వచ్చే తేదీ మార్పించుకోలేరా?" అని రఘు అడిగాడు.

"అడిగాను. మళ్ళీ సెప్టెంబరులోనే ఉందట" అంది ఆమె. "పోయిన ఏడాది వేసవి సగం పోయింది, చలికాలమంతా పోయింది. పెరట్లో నాలుగు బల్లలతో, వానొస్తే అవీ లేకుండా, ఇక నేను నడపలేను. ఈ వేసవి ఆ గది తెరవకపోతే తాళం వేసి మా అక్క దగ్గరికి వెళ్ళిపోతాను."

బీరు మూడు యూరోల ఇరవై సెంట్లు. పెద్ద గ్లాసు. తెప్పించుకున్న రెండూ బల్ల మీద సగంలోనే ఉండిపోయాయి. అత్తయ్య ముందు బంగాళదుంపతో చేసిన క్లోస్ అనే ఉండలు రెండు, పుట్టగొడుగుల పులుసుతో ఉన్నాయి. సంకటి ముద్దనుకుని చేత్తో విరిచింది. అది సాగి వేళ్ళకు అంటుకుంది. తను తెచ్చుకున్న కారప్పొడి చల్లి ఒక ఉండ తిని, రెండోది వదిలేసి లేచింది. ఎక్కడికెళ్ళిందా అని చూస్తే వీధి వైపు గోడ దగ్గరుంది. మేస్త్రీ పెట్టిన రెండో గడిలో వేలు గుచ్చి, వాసన చూసి, వేళ్ళ మధ్య నలిపింది.

"గడ్డి తక్కువ వడ్డది" అంది. "పేడ వెయ్యనే లే. పేడ లేకుంటె మట్టి ఎట్ల పట్టుకుంటదిరా?"

"అమ్మా, ఇది ఫాఖ్‌వెర్క్. జర్మన్ల కర్ర చట్రం కట్టుబడి. దీని టెక్నిక్ వేరే."

"ఏం వేరే? మనింటి కందికట్టె తడిక గోడే గదరా ఇది. నువ్వు పుట్టింది ఆ గోడ పక్కనే. చంద్రమ్మ, నేను ఇద్దరమే పెట్టినం ఆ గోడ. ఈరమ్మకు చెప్పు, ఒక్క గడి, రేపటికల్ల పెట్టిస్తనని చెప్పు."

ఇర్మ్‌గార్డ్ ఆవిడ నోట్లో ఈరమ్మ అయిపోయింది. అప్పటి నుంచి ఆ మూడు రోజులూ ఈరమ్మే.

నేను అడ్డం వెళ్ళాను. "అత్తయ్యా, మీ వీసా మీద పని చేయకూడదని రాసుంది. ఎల్లుండి ఆ ఆఫీసరు చూసి పైవాళ్ళకు చెబితే? మళ్ళీ వీసా ఇవ్వకపోతే? మధ్యలో విమానం లేక ఎక్కడుంటారు?"

"ఉంటె ఉంట, పోతె పోత. గోడ పెడితె జైల్ల వేస్తరా పిల్లా?" అంది. అలా పిల్లా అని కసురుకుని మూడు వారాలైంది. నాకు భయమేసింది, సంతోషమూ వేసింది.

రఘు తలూపుతూ, మెడ రుద్దుకుంటూ, సగం సగం జర్మన్లో చెప్పాడు. ఇర్మ్‌గార్డ్ వచ్చి అత్తయ్య చేతులు రెండూ తిప్పి చూసింది. ముట్టుకోవడం తప్పని గుర్తొచ్చి గబుక్కున వదిలేసింది. తర్వాత షెడ్డు తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టింది.

బుధవారం: రఘు పేడ అడిగిన కథ

మట్టి షెడ్డులో తడిపి సిద్ధంగా ఉంది. గడ్డి ఉంది, అల్లడానికి విల్లో చెట్టు కొమ్మల కట్టలున్నాయి. లేనిది పేడ. వాగు అవతల హాన్స్ అనే రైతుకు పదహారు ఆవులున్నాయని ఇర్మ్‌గార్డ్ చెప్పింది. పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసే మా ఆయన, ముక్కుకు మాస్కు, చేతిలో ప్లాస్టిక్ బకెట్టుతో ఆ పెద్దమనిషి ముందు నిలబడ్డాడు.

"క్షమించాలి. మాకు కొంచెం ఆవు పేడ కావాలి. వీలైతే ఈ పూటది."

హాన్స్ కళ్ళార్పలేదు. "ఎంత?" అని మాత్రం అడిగాడు.

అత్తయ్య ఈలోపు కొట్టంలోకి వెళ్ళి ఒక ఆవు తోక దగ్గర ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆవిడేం చేస్తోందని హాన్స్ అడిగాడు. నమస్కారం చేస్తోందని రఘు చెప్పాడు. హాన్స్ ఒక నిమిషం ఆలోచించి, తన టోపీ తీసి అదే ఆవుకు నమస్కారం చేశాడు. మొహమాటం కాబోలు. బకెట్టు చాలదని తోపుడుబండి నిండా పోసి తనే తోసుకొచ్చాడు. మధ్యాహ్నం దాకా పెరట్లో బీరు పెట్టుకుని మా పని చూస్తూ కూర్చున్నాడు.

అత్తయ్య చీర కుచ్చిళ్ళు బిగించి మట్టిలోకి దిగింది. నన్ను కూడా దిగమంది. గుంటూరులో పుట్టి పెరిగిన నేను, మూడో అంతస్తు ఫ్లాటులో తప్ప నేల మీద కాపురమే చెయ్యని నేను, మోకాళ్ళ దాకా మట్టిలో పేడలో నిలబడి తొక్కాను. చల్లగా ఉంది. వేళ్ళ మధ్యలోంచి జారుతుంది. పది నిమిషాలకు అసహ్యం పోయింది. అరగంటకు నేనూ అత్తయ్యా ఒకే అడుగు వేస్తున్నాం. రఘు ఫొటోలు తీస్తుంటే ఆవిడ ఒక ముద్ద తీసి అతని చొక్కా మీద కొట్టింది.

తడిక అల్లడం గంటలో అయిపోయింది. నిలువు కర్రల మధ్య విల్లో కొమ్మలు ఒకటి ముందు నుంచి ఒకటి వెనక నుంచి. అసలు చిక్కు మట్టి పెట్టడంలో ఉంది. ఒకవైపు నుంచే పెడితే రెండోవైపు ఊడిపోతుంది. బయట ఒకరు, లోపల ఒకరు ఒకేసారి ఒత్తితే మట్టి తడిక సందుల్లో కలుస్తుంది. వీధి వైపు అత్తయ్య నిలబడింది. లోపల నుంచి రఘు పెడతానని వెళ్ళాడు. రెండు ముద్దలకే, "వీని చేతుల బలం లేదు, ఈరమ్మను పిలువుండ్రి" అంది అత్తయ్య.

ఇర్మ్‌గార్డ్ చొక్కా చేతులు పైకి మడిచి వచ్చింది. అప్పుడు మొదలైంది ఆ పని. అటు ముద్ద, ఇటు ముద్ద, అటు అరచెయ్యి, ఇటు అరచెయ్యి. కింది నుంచి పైకి పోతున్నారు. ఇద్దరి మధ్యా ఒకరి మొహం ఒకరికి తడిక సందుల్లోంచి కనబడుతోంది. సర్కారువాళ్ళు చెప్పిన దూరం ఆ గోడ వల్ల కుదిరింది గనక మాస్కులు కూడా తీసేశారు.

నేను నీళ్ళ బకెట్టుతో గుమ్మంలో నిలబడ్డాను. ఆ చోట్లో రెండువైపుల మాటలూ నాకే వినబడుతున్నాయి.

"మా చెల్లె ఉండెనే ఈరమ్మా, పోయింది" అంది అత్తయ్య బయట నుంచి. "నేను ఒత్తినకాడ ఒత్తేది. ఎప్పుడూ నాకంటె ఒక్క ముద్ద ఎక్కువనే పెట్టేది. దాని మొకం మీద గుడ్డ తియ్యనియ్యలే. ఫోన్ల ఏం కనబడ్తది?"

"ఆసుపత్రి కిటికీ కింద నిలబడ్డాను" అంది ఇర్మ్‌గార్డ్ లోపల నుంచి, జర్మన్లో. "జనవరిలో. మూడో అంతస్తు. మా ఆయన చెయ్యి ఊపాడో, నర్సు కర్టెన్ కదిలించిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ సిమెంటు మీద పోట్లాడుకునేవాళ్ళం ఇద్దరం."

"అవును" అంది అత్తయ్య.

"అవును" అంది ఇర్మ్‌గార్డ్.

ఒకరి మాట ఒకరికి ఒక్కటీ అర్థం కాదు. నేను అనువాదం చెయ్యలేదు. బకెట్టు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. మట్టి పైదాకా వచ్చింది. చివరి ముద్ద పెట్టేసరికి ఇద్దరి మొహాలూ ఒకరివొకరికి కనబడకుండా పోయాయి. అయినా కొంతసేపు ఇద్దరూ గోడకు చేతులానించే ఉంచారు.

గురువారం: శుభ్రత గురించి రెండు అభిప్రాయాలు

పొద్దున సామాను సర్ది, పదిన్నరకు కిటికీ తీసి కిందికి చూసి నా ప్రాణం పోయింది. ముందు గుమ్మం పక్కన బల్ల మీద శానిటైజర్ సీసా, సంతకాల కాగితాలు, చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలతో పెద్ద అట్ట ఉన్నాయి. దాని ముందు రాళ్ళ మీద నిండుగా పేడ కల్లాపి. కల్లాపి మీద గోధుమపిండితో పన్నెండు చుక్కల ముగ్గు. అత్తయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని ముగ్గు వంకర పోయిందా అని చూస్తోంది.

"అత్తయ్యా! ఇది హోటలు! ఆఫీసరొస్తున్నాడు!"

"అందుకే గదా చల్లిన. పెద్దమనిషి వస్తుంటె వాకిలి బోసిగ ఉంచుతరా? పేడ చల్లితె ఏ రోగం రాదు."

కడగడానికి టైం లేదు. అన్నట్టు పదకొండంటే జర్మనీలో పదకొండే. పొడుగాటి మనిషి, రెండు మాస్కులు, మెడలో టార్చి. ముగ్గు ముందు ఆగాడు.

"పెయింటు ఆరలేదా?"

"పెయింటు కాదు" అంది ఇర్మ్‌గార్డ్. "ఆవు పేడ. ఈవిడ ఊళ్ళో శుభ్రత కోసం చల్లుతారు."

అతను పేడ వైపూ, శానిటైజర్ వైపూ, మళ్ళీ పేడ వైపూ చూశాడు. "నాది గోడల శాఖ. గుమ్మం బయట నేల ఆరోగ్య శాఖ కిందికి వస్తుంది" అని ముగ్గు తొక్కకుండా ఒక్క అంగలో దాటాడు. దాటి, పైదూలానికి ఠంగుమని నుదురు కొట్టుకున్నాడు. పాత కట్టడాలను కాపాడే మనిషికే ఆ గతి పట్టడం చూసి ఎనిమిదేళ్ళ నా పగ చల్లారింది.

మూడో గడి దగ్గర చాలాసేపు ఉన్నాడు. బొటనవేలితో ఒత్తాడు, అంచుల్లో టార్చి వేశాడు, మాస్కు కిందికి లాగి వాసన చూశాడు.

"ఇందులోనూ పేడ వేశారా?"

అత్తయ్య తప్ప అందరం నేల వైపు చూశాం.

"మా పుస్తకాల్లో వెయ్యమనే ఉంటుంది. వేసినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నాను. ఆ రెండింటి కంటే ఇదే బాగుంది." కాగితం తీశాడు. "పని చేసినవారి పేరు?"

మేమందరం భయపడుతున్న మాట అదే. రఘు ఒక్క అడుగు ముందుకేసి, "నేను. సివిల్ ఇంజినీరుని" అన్నాడు. నాకు మా ఆయన మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టింది.

"బాగుంది. ఎలా చేశారో ఒకసారి చూపిస్తారా? మా ఆఫీసువాళ్ళకు ఫొటో తీస్తాను."

తొట్టిలో మట్టి మిగిలింది, తడిక ముక్క ఒకటి మిగిలింది. రఘు చొక్కా చేతులు మడిచి, ముద్ద తీసి, గట్టిగా విసిరాడు. అది తడికకు తగిలి, కాసేపు ఆలోచించి, అతని బూట్ల మీద పడింది. ఇంకొకటి విసిరాడు. అది ఆలోచించను కూడా లేదు.

అత్తయ్య తట్టుకోలేకపోయింది. "అరే, రాయి విసిరినట్టు విసురుతవేందిరా! అరచెయ్యితోని ఒత్తాలె! ఇటు జరుగు!" కొడుకును పక్కకు తోసి, ముద్ద తీసి, అరచేతి అడుగుతో ఒత్తి, పైకి లాగి ఒక్క క్షణంలో అతికించేసింది. అతికించి మా మొహాలు చూసింది. అప్పటికి గుర్తొచ్చినట్టుంది.

ఆఫీసరు గోడ వైపు తిరిగాడు. గోడ నిండా అరచేతుల అచ్చులున్నాయి. చిన్న చేతులు. రఘు చేతుల వైపు చూశాడు. మళ్ళీ కాగితం వైపు.

నా నోటికి తాళం పడలేదు. వ్యాకరణమంతా గాలికొదిలి జర్మన్లో అన్నాను. "ఆవిడకు జీతం లేదు సార్. ఒక్క పైసా తీసుకోలేదు. క్లోస్ మాత్రం తిన్నారు."

"ఎన్ని?" అన్నాడు.

"రెండు. కాదు, ఒకటి. ఒకటి వదిలేశారు."

ఇర్మ్‌గార్డ్ ముందుకొచ్చింది. "పొరుగువాళ్ళు వచ్చి చెయ్యి వేస్తే అది ఉద్యోగమెప్పుడైంది? మా అమ్మ కాలంలో ఈ ఇంటి గోడలన్నీ పొరుగువాళ్ళే కదా బాగుచేసింది?"

"పొరుగువారైతే ఇబ్బంది లేదు" అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఈవిడ ఎక్కడుంటారు?"

"పైన" అంది ఇర్మ్‌గార్డ్. "ఆరో నంబరులో."

ఆయన కప్పు వైపు చూశాడు. నల్లబడ్డ దూలాలను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. తర్వాత వంగి రాశాడు, ముద్ర కొట్టాడు. శనివారం నుంచి గది తెరుచుకోవచ్చని చెప్పి, ఈసారి తలొంచుకుని బయటికి నడిచాడు.

గుమ్మంలో

ఇర్మ్‌గార్డ్ పొయ్యి పక్కన బల్ల మీద కూలబడి ఎప్రన్‌తో మొహం కప్పుకుంది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఏం రాసిండురా?"

"నువ్వు ఈవిడ పక్కింటిదానివనీ, సాయం చేశావనీ రాశాడమ్మా."

అత్తయ్య మూడో గడి వైపు చూసింది. ఆ మాటను లోపల తిప్పుకుంటున్నట్టుంది. తర్వాత అంది, "అట్లయితే గోడ ఆరేదాంక నేను ఈడనే ఉంట. ఆరేటప్పుడు నెర్రెలు బాస్తది. పొద్దుమాపు చూసి పూడ్చాలె. ఈమెకు చాతనైతదా ఒక్కదానికి?"

"అమ్మా, భాష రాదు, నీ బీపీ గోళీలు..."

"గోళీలు సంచిల ఉన్నయి. పక్కింటిదాన్నని సర్కారే రాసిచ్చింది గదరా, ఇంకేంది?"

రఘు తలపట్టుకుని చెప్పాడు. ఇర్మ్‌గార్డ్ లేచి, మేం పొద్దున ఇచ్చేసిన ఆరో నంబరు తాళంచెవి గోడ మీంచి తీసి అత్తయ్య చేతిలో పెట్టింది. లెక్కల సంగతి రఘు ఎత్తబోతే ఆమె అతన్ని చూసిన చూపు నేను మర్చిపోలేను.

నిజం చెబుతున్నాను. ఇల్లు నాకొక్కదానికే ఒక్క వారం ఉంటే చాలని పదిహేను నెలలుగా ఎందరు దేవుళ్ళకు మొక్కానో నాకే తెలుసు. తీరా మొక్కు తీరే వేళకు, మా దగ్గర ఈవిడ ఎందుకిలా లేదు అని ఏడుపొచ్చింది. కూరగాయలు తరగడం తప్ప ఆవిడకు మా ఇంట్లో చెయ్యడానికి మేం ఏమీ ఉంచలేదు. బాగా చూసుకుంటున్నామనుకున్నాం.

సామాను కారులో పెట్టేసరికి ఇద్దరూ గుమ్మంలోకొచ్చారు. అత్తయ్య చేతిలో కాగితంలో చుట్టిన క్లోస్ పొట్లం ఉంది. కారు కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది.

"దారిల తినుండ్రి. మెల్లగ పోనియ్యిరా, తొందర లేదు. వచ్చే ఆదివారం రాండ్రి, ఇద్దరం కలిసి మంచిగ వండి పెడతం."

పదిహేను నెలలు మా ఇంట్లో చుట్టంగా ఉన్న మనిషి, వీధి దాకా వచ్చి మమ్మల్ని చుట్టాల్లా సాగనంపుతోంది. నేను కారు దిగాను. మట్టి ఆరి తెల్లబడిన ఆవిడ చేతులు రెండూ పట్టుకున్నాను. ఇంకేం మాట దొరక్క, చుట్టాలు వెళ్తూ అనే మాటే అన్నాను.

"వెళ్ళొస్తాం అత్తయ్యా."